అంకుల్ గారి పులితోలు

పోయిన మంగళవారం క్లినిక్‌లో ఒక పిల్లికి గోళ్ళు కత్తిరిస్తుంటే జేబులో ఫోను ఆగకుండా గుయ్యిమంది. సిడ్నీలో మా పేట ద పాండ్స్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు. 'పులిని వట్టి చేతులతో చంపిన మన పులి అంకుల్ ఈ ఉదయం శివైక్యం చెందారు' అని ఎవరో పెట్టారు. దాని కింద వరసగా దండాలు, పూలదండలు. ఒకాయన ఉత్సాహం ఆపుకోలేక నోరు తెరుచుకున్న పులిబొమ్మ కూడా పెట్టాడు.

అది పులి కాదు. చిరుతపులి కాదు. చిరుతపులి పిల్ల కూడా కాదు. మనిషే పోయాడు కదా, ఇంక వదిలెయ్ అని ఆ సాయంత్రం మా ఆయన అన్నాడు. వదలను. బతికినన్నాళ్ళూ ఆయన కోసిన కోతలు చాలక, పోయాక కూడా ఊళ్ళోవాళ్ళు కోస్తూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే ఎదురుగా లేత పసుపు గోడ. ఆ గోడ మధ్యలో చెక్క పలక. పలక మీద మేకులు కొట్టి పరిచిన తోలు. ఇటుకరంగు కలిసిన పసుపు మీద నల్లటి చుక్కలు. సరిగ్గా దాని కిందే సోఫా. ఇంటికి ఎవరొచ్చినా అక్కడే కూర్చోబెట్టేవాడు. పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే, "అక్కడ కాదు, ఇటు కూర్చో, ఇటు" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు. కూర్చున్నవాడు మర్యాదకి తలెత్తి చూస్తాడు కదా, అదీ ఆయనకు కావలసింది.

"దేని తోలో చెప్పు చూద్దాం" అనేవాడు.

"చిరుతపులా అంకుల్?" అని ఆ అమాయకుడు అంటాడు. సిడ్నీలో పుట్టి పెరిగిన పిల్లలకూ, ఆఫీసుకూ ఇంటికీ మధ్య రైల్లో బతికే వాళ్ళ నాన్నలకూ చుక్కలుంటే చిరుతపులే. ఇంక ఆయన మొదలుపెట్టేవాడు.

"అడవంటే మీరేవనుకుంటున్నారు? మన నల్లమలలాంటిది కాదు. ఆఫ్రికా రెయిన్‌ఫారెస్ట్. పగలు పన్నెండింటికి టార్చిలైటు కావాల. కునుకు తీస్తన్నా. మీదకి దూకింది. చేతిలో తుపాకీ లేదు, కత్తి లేదు. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశా. అర్థమైపోయింది. ఇద్దర్లో ఒకళ్ళమే మిగలాల."

ఆ 'ఒకళ్ళమే మిగలాల' దగ్గర ఆగేవాడు. ఆగి, చొక్కా పై రెండు బొత్తాలూ తీసి, ఎడమ భుజం బయటపెట్టి చూపించేవాడు. అక్కడ మూడు సన్నటి గీతలు. నేను వెటర్నరీ నర్సుని. నా రెండు చేతుల మీదా అలాంటివి ఇరవై దాకా ఉంటాయి. వాటిలో ఒకటి పెట్టినది మూడు నెలల బొచ్చుపిల్లి. చూపించడం అయ్యాక ఆయన బొత్తాలు పెట్టుకుంటూ, ఎదుటివాళ్ళ మొహాలు ఒక్కొక్కటే పరీక్షగా చూసేవాడు. ఎవరైనా నోరు తెరవడం మర్చిపోతే మళ్ళీ భుజం దగ్గర నుంచి మొదలుపెట్టేవాడు.

అన్నట్టు, అక్కడ తాను ఫారెస్ట్ ఆఫీసర్‌నని చెప్పేవాడు. నిజానికి కామెరూన్‌లో ఒక కలప కంపెనీ స్టోర్స్‌లో ఆయన ఉద్యోగం. చెట్లు కొట్టేవాళ్ళకి రంపపు బ్లేళ్ళు, గ్రీజు డబ్బాలు ఇచ్చి సంతకాలు పెట్టించుకోవడం. అందులో తప్పేమీ లేదు, నలుగురిలో చెప్పుకోదగ్గ పనే. ఆయనకే ఆనలేదు.

నేను వాళ్ళ పెరట్లో ఉన్న చిన్న విడి ఇంట్లో, ఇక్కడి భాషలో గ్రానీ ఫ్లాట్‌లో, రెండున్నరేళ్ళు అద్దెకున్నాను. అనకాపల్లిలో జువాలజీ డిగ్రీ చేసి, ఇక్కడ యూనివర్సిటీకి వచ్చి, చదువుకుంటూ క్లినిక్‌లో బోనులు కడిగే రోజులు. ఆ రెండున్నరేళ్ళలో పులి నా కళ్ళముందే పెరిగింది. నేను వచ్చిన కొత్తలో అది 'పిల్లే, కానీ బలిసిన పిల్ల.' ఏడాది తిరిగేసరికి దాని తల్లి చెట్టు వెనక పొంచి ఉంది. ఆ పై ఏడు పిల్లా తల్లీ పోయి ఒకటే నిండు చిరుత మిగిలింది. మరి తోలు ఇంత చిన్నదిగా ఉందేమిటని ఎవరో అడిగితే, ఆయన తడుముకోలేదు.

"పచ్చితోలు ఎండితే ముడుచుకుపోద్దిగా. సగానికి సగం అయిద్ది" అన్నాడు.

అడిగినాయన బ్యాంకులో పెద్ద ఉద్యోగి. బుద్ధిగా తల ఊపాడు.

ఈ పులిని చంపిన వీరుడి ధైర్యం నేను కళ్ళారా చూసే భాగ్యం ఒక శనివారం మధ్యాహ్నం కలిగింది. గరాజ్‌లో నుంచి ఒక అరుపు. గిన్నెలు తోముతున్నదాన్ని అలాగే తడి చేతులతో పరిగెత్తాను. అంకుల్ డీప్ ఫ్రీజర్ పైకెక్కి నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి అంత ఎత్తు ఎలా ఎక్కాడో ఇప్పటికీ నాకు తెలియదు.

"అమ్మాయ్, స్నేక్! స్నేక్! దగ్గిరికి పోబాక!"

చెప్పుల స్టాండు పక్కన ఎండలో ఒక బ్లూటంగ్ బల్లి పడుకుని ఉంది. ఈ దేశంలో ప్రతి పెరట్లోనూ కనిపించే బల్లి అది. మందంగా, బద్ధకంగా, మనం కదిలిస్తే నీలంరంగు నాలుక బయటపెట్టి బెదిరిస్తుంది, అంతకన్నా దానికేమీ చేతకాదు. ఆయన భార్య, మా ఆంటీ, లోపల్నుంచి చేటతో వచ్చింది. ఆవిడ మొహంలో కంగారు లేదు. చేట నేలకి ఆనించి, రెండో చేత్తో బల్లి వెనకాల మెల్లిగా తట్టింది. "లే తల్లీ, లోపలికెందుకొచ్చావు, తొక్కుతారు" అంటూ దాన్ని చేటలోకి ఎక్కించుకుని తీసుకెళ్ళి గోంగూర మడిలో వదిలింది. దాన్ని పట్టుకున్న తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. క్లినిక్‌లో మాకు నెలల తరబడి నేర్పితేగాని రాని పట్టు అది.

అంకుల్ ఫ్రీజర్ దిగాడు. "నడుం పట్టేసిందమ్మాయ్, వంగలేకపోయా. లేకపోతేనా!" అన్నాడు. అదే సాయంత్రం ఇంటికి కొత్తగా పెళ్ళయిన జంట వస్తే వాళ్ళని సోఫాలో కూర్చోబెట్టి రెండు బొత్తాలూ తీశాడు.

మా క్లినిక్‌లో ఒక పెద్ద డాక్టరమ్మ ఉండేది. వయసులో ఉన్నప్పుడు మధ్య ఆఫ్రికాలో కొన్నేళ్ళు పనిచేసిన మనిషి. ఒకరోజు టీ తాగుతూ అంకుల్ గొప్పలు చెప్పి నవ్వించబోయి, ఆ తోలు ఫోటో చూపించాను. ఆవిడ నవ్వలేదు. ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూసి, దీని తోక ఏదీ అని అడిగింది. తోక లేదన్నాను. ఉండి తీరాలి, దీని తోక ఒంటికన్నా పొడుగు, వెతుకు అంది. ఆఫ్రికన్ లిన్సాంగ్ అని కాగితం మీద రాసిచ్చింది. పునుగుపిల్లికి దూరపు చుట్టంలాంటిదట. సన్నగా, పాకుతున్నట్టు నడుస్తూ, చెట్ల మీదే బతుకుతుంది. పురుగులో, చిన్న పిట్టలో, పళ్ళో తింటుంది. తూకం అరకిలో మీద కాస్త. మనుషులకి కనబడటమే అరుదు, నాకు ఒక్కసారి కూడా కనబడలేదు అంది ఆ డాక్టరమ్మ. ఆవిడ గొంతులో కొంచెం అసూయ కూడా వినిపించింది.

అరకిలో! నేను ఆ రోజు రైల్లో కూర్చుని ఒంటరిగా నవ్వుకుంటూ వచ్చాను.

ఆ వారమే దీపావళికి ఇల్లు దులుపుతూ ఆంటీ నన్ను సాయం పిలిచింది. అంకుల్ మందుల షాపుకి వెళ్ళాడు. నేను స్టూలెక్కి పలక దించి వెనక్కి తిప్పాను. తోక అక్కడ ఉంది. నల్లటి పట్టీలున్న పొడుగాటి తోకని మూడు మడతలు పెట్టి, డ్రాయింగ్ పిన్నులు గుచ్చి, పైన బ్రౌన్ టేపు అతికించి ఉంది. ఎంత శ్రద్ధగా దాచాడో! నేను పకపకా నవ్వేశాను.

వెనక్కి తిరిగితే ఆంటీ గుమ్మంలో నిలబడి ఉంది.

"చూశావా" అంది. అని, లోపలికొచ్చి నా చేతిలో పలక తీసుకుని ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుంది. "దీని పేరు చుక్కి."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.

"చెట్టు కొడితే ఆకుల గూడుతో సహా కిందపడిందంట. పనివాళ్ళు తెచ్చిచ్చారు. కళ్ళు కూడా సరిగ్గా తెరవలా. డబ్బాపాలు వేలికి రాసుకుని నాకించేదాన్ని. బతకదన్నారు. బతికింది. నాకు పిల్లల్లేరు, అందుకని పెంచుకున్నానని ఆయన అంటారు. అదేం కాదు. దాన్ని చూస్తే ఎవరికైనా పెంచుకోబుద్ధేసిద్ది." ఆవిడ చేతివేళ్ళు చుక్కల మీద వెంట్రుకల వాలునే కదులుతున్నాయి. "మూడు రోజులు ఒకచోట పడుకునేది. నాలుగోరోజు ఆ చోటు పనికిరాదు దానికి. నా చీరలన్నీ లాగి అలమార పైన గూడు కట్టుకునేది. తర్వాత కర్టెన్ పైన. పొద్దున్నే లేచి ఇవాళ ఎక్కడుందా అని వెతుక్కోవటమే నా పని. ఆ కలప క్యాంపులో నాకింకేం పనుంది?"

"మరి..."

"ఆ రోజు ఆయన అన్నం తిని పడుకున్నారు. నేను పెరట్లో బట్టలారేస్తన్నా. ఇది కర్టెన్ మీద నుంచి ఆయన గుండెల మీదకి దూకింది. ఆడుకోటానికే. నా మీదకి రోజూ దూకేది. ఆయన ఉలిక్కిపడి లేచి కేకలు పెడతా, చెప్పు తీసుకుని..." చుక్కల మీద ఆవిడ వేళ్ళు ఆగాయి. "నేనొచ్చేసరికి అయిపోయింది. చచ్చినాక కూడా కొడతానే ఉన్నారు."

క్యాంపులో అది ఏమిటో అందరికీ తెలుసట. పనివాళ్ళు వారం రోజులు నవ్వారట. ఆయన చెప్పు పట్టుకుని ఎలా ఎగిరాడో ఒకడు చేసి చూపించడం, మిగతావాళ్ళు పొట్టలు పట్టుకోవడం. వంటవాడు చచ్చినదాని తోక పట్టుకుని పైకెత్తి, గిరగిరా తిప్పి మరీ నవ్వాడట. "ఆ నవ్వు ఉందే, అది ఇప్పటికీ నా చెవుల్లో ఉందమ్మా" అంది ఆంటీ. తర్వాత ఆ వంటవాడే తోలు ఒలిచి ఆరబెట్టి ఇచ్చాడు. దాన్ని ఆయన సూట్‌కేసులో అడుగున పెట్టి దేశాలు దాటించాడు. సిడ్నీ ఎయిర్‌పోర్టులో ఆవకాయ సీసా ఉందని కస్టమ్స్ కాగితంలో నిజాయితీగా రాసిచ్చిన మనిషి, దీని సంగతి రాయలేదు. అక్కడ పిల్లి కన్నా చిన్నదిగా ఉన్నది, దాన్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేని ఈ దేశానికి వచ్చాకే పులి అయింది.

"నాకింకేం వద్దమ్మా. దీన్ని ఆ గోడ దింపి నా చేతికిస్తే, పెరట్లో ఇంత గుంట తీసి మట్టిలో పెట్టుకుంటా. ఎన్నిసార్లో అడిగా. ఇవ్వరు. ఏడాదికోసారి శివరాత్రికి కిందికి దించుతారు. అప్పుడే నేను ముట్టుకునేది."

శివరాత్రి సంగతి కూడా చెప్పాలి, మా వాళ్ళ తెలివి తెలియాలంటే. ఏటా ఆ ఇంట్లో శివరాత్రికి అభిషేకం పెట్టుకునేవాళ్ళు. వారమంతా ఐటీ ఉద్యోగం, పండగలకి పౌరోహిత్యం చేసే ఒకాయన వచ్చేవాడు. మొదటి ఏడు గోడ మీద తోలు చూసి, పులిచర్మం సాక్షాత్తూ శివుడి వస్త్రం, దాన్ని గోడకి వేలాడదీస్తారా, లింగం పక్కన పెట్టండి అన్నాడట. చిరుతపులిది కదా అని ఎవరో సందేహిస్తే, పులితోలు పులితోలే అని తేల్చేశాడు. అప్పటి నుంచి ప్రతి శివరాత్రికీ దానికి విభూతి రేకలు, కుంకుమ బొట్టు. ఆడవాళ్ళు వరసలో వచ్చి దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు. పరీక్షలున్న పిల్లల చేత ప్రత్యేకంగా ముట్టించేవాళ్ళు. వరసలో చివర ఆంటీ వచ్చేది. అందరికన్నా ఆవిడే ఎక్కువసేపు చెయ్యి పెట్టి ఉంచేది. ఆంటీ భక్తి చూడండి అని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

చుక్కి సంగతి తెలిశాక వచ్చిన శివరాత్రికి నా అరికాలి మంట నెత్తికెక్కింది. అభిషేకం అయింది. హాలు నిండా జనం. అంకుల్ పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చుని, పై బొత్తాలు లేవు కాబట్టి కండువా జరిపి భుజం చూపిస్తున్నాడు. ఎవరిదో ఎనిమిదేళ్ళ పాప తోలు దగ్గర గొంతుక్కూర్చుని, తన మోచెయ్యి దాని పక్కన పెట్టి కొలుచుకుంది.

"ఇట్స్ సో టైనీ! అంకుల్, వాజ్ ఇట్ ఎ బేబీ?"

వాళ్ళమ్మ రెక్క పట్టుకుని లాగింది. అంకుల్ నవ్వి, పచ్చితోలు ఎండితే ఏమవుతుందో చెప్పడం మొదలుపెట్టాడు.

"పాప కరెక్టుగానే అడిగింది అంకుల్. తోక కూడా చూపించండి" అన్నాను.

"తోకేందమ్మాయ్, తోక అడవిలోనే..."

నేను వెళ్ళి పలక వెనక్కి తిప్పాను. టేపు పీకాను. పిన్నులు ఊడి, తోక జారి మూరెడు కిందికి వేలాడింది. "ఇది పులి కాదు. లిన్సాంగ్ అంటారు. అరకిలో ఉంటుంది. మీ అందరి ఇళ్ళల్లో పిల్లులు ఇంతకన్నా పెద్దవి" అన్నాను.

ఎవరో ముక్కులోంచి నవ్వారు. ఇంకెవరో దగ్గు నటించారు. అంకుల్ మొహం పాలిపోయింది. ఆయన నన్ను చూడలేదు, ఆంటీని చూశాడు. అందరూ ఆంటీనే చూశారు. నేనూ చూశాను. ఇప్పుడు చెప్పండి ఆంటీ, ఇన్నాళ్ళదీ ఇప్పుడు చెప్పేయండి అని మనసులోనే తొందరపెట్టాను.

"పులిపిల్లేనమ్మా" అంది ఆంటీ. "నా కళ్ళతో నేను చూశా. ఆ అడవిలో పులులకి తోకలు అట్టాగే ఉంటాయి."

"ఆఫ్రికా కదండీ, డిఫరెంట్ స్పీషీస్ అయ్యుంటుంది" అన్నాడు పురోహితుడు. అందరూ అవునవునన్నారు. ఆంటీ వచ్చి తోకని జాగ్రత్తగా మడతపెట్టి పలక తిప్పేసింది. ప్రసాదాలు పంచారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వంటింట్లోకి వెళ్ళి ఆవిడని నిలదీశాను. "ఆయన పరువు కోసమేనా ఆంటీ? అంత అవసరమా మీకు?"

ఆవిడ పులిహోర గిన్నె పక్కన పెట్టింది. "ఆయన పరువు నాకెందుకు? ఆ నవ్వినవాళ్ళని చూశావా? ఇంకొక్క నిమిషం ఆగితే హాలంతా నవ్వేది. ఆయన్ని చూసే నవ్వుతారు, కానీ నీ చేతిలో తోక దానిది. చెప్పుదెబ్బలకి చచ్చిందని ఒకసారి నవ్వారు దాన్ని చూసి. ఇంకోసారి నవ్వనివ్వను. పులి అంటే పులి అననీ. పులిని చూసి ఎవరూ నవ్వరుగా."

ఆయన్ని బయటపెట్టాలన్న ఉబలాటంలో నేను ఆ వంటవాడి పనే చేశాను. పోనీ అది నాకు అప్పుడే తోచిందా అంటే, లేదు. ఆవిడ చెబితే తెలిసింది.

మర్నాడు ఉదయం అంకుల్ నా గ్రానీ ఫ్లాట్ తలుపు తట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలుసు. నాకూ తెలుసు" అన్నాడు. "ఇక్కడికొచ్చాక ఇరవయ్యేళ్ళు వేర్‌హౌస్‌లో డబ్బాలు మోశా అమ్మాయ్. ఒక్కడు కూర్చోమన్లా. పులి వచ్చినాకే ఇంటికొస్తన్నారు."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం జాలి వేయబోయింది. "సరే అంకుల్. మీ కథ మీరు చెప్పుకోండి. ఎవరికీ నేనేం చెప్పను. ఆ తోలు మాత్రం ఆంటీకి ఇచ్చేయండి. మట్టిలో పెట్టుకుంటుంది. కథకి తోలెందుకు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. కనుబొమలు ముడేసి, పెరటి వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు.

"మరి గోడ మీద ఏం పెట్టను?" అన్నాడు.

ఆయన గురించి నాకు గుర్తున్న మాటలన్నిటిలో అదే పెద్దది. వెక్కిరించడానికి అన్న మాట కాదు. నిజంగా అడిగాడు. ఇంట్లో ముప్పయ్యేళ్ళుగా ఒక మనిషి దేనికోసం కుమిలిపోతోందో ఆయనకి తెలుసు. తెలిసి, ఒక పక్క ఆవిణ్ణీ ఇంకో పక్క గోడనీ పెట్టి తూచి చూశాడు. గోడే మొగ్గింది. నాకు వేయబోయిన జాలి అక్కడికక్కడే చచ్చిపోయింది. ఇన్నేళ్ళయినా మళ్ళీ లేవలేదు.

కొన్నాళ్ళకి నేను ఇల్లు మారాను. పెళ్ళయింది, ఇక్కడే స్థిరపడటానికి పీఆర్ వచ్చింది. ఆంటీని చూడటానికి వెళ్తూనే ఉండేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ఆయన నన్ను మిగతా కుర్చీలు వదిలేసి ఆ సోఫాలోనే కూర్చోమనేవాడు, ఏమీ జరగనట్టే. నేను వంటింట్లోకి వెళ్ళి కూర్చునేదాన్ని. హాల్లోంచి 'ఒకళ్ళమే మిగలాల' అని వినబడేది. ఆంటీ పొయ్యి మీద గరిటె కాస్త గట్టిగా తిప్పేది.

శుక్రవారం మధ్యాహ్నం అంత్యక్రియలు. పద్ధతిగా కుర్చీలు వేసిన హాలు, ముందు పెట్టెలో ఆయన. మొహం ప్రశాంతంగా ఉంది, వినేవాళ్ళు నిండుగా వచ్చారు మరి. ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి మాట్లాడారు. ఆరుగురు మాట్లాడితే ఆరుగురూ పులి గురించే. ఒకాయన చెప్పినదాంట్లో పులులు రెండయ్యాయి. నేను మూడో వరసలో పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

అక్కడి ఏర్పాట్లు చూసే ఆస్ట్రేలియన్ ఆవిడ మెల్లిగా వచ్చి, పెట్టె మూసేముందు ఆయనతో పంపవలసిందేమైనా ఉందా అని అడిగింది. అప్పుడు మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంటు లేచాడు. ఆయన చేతిలో పసుపు పట్టుగుడ్డ మూట. ఇంట్లో పనులు చూస్తున్నవాళ్ళు ఆంటీని అడక్కుండానే పలక మేకులు ఊడదీసి తోలు తెచ్చేశారని నాకు అర్థమైంది. దాన్ని ఆయనతో పాటు కాల్చేస్తారు. గుంట లేదు, మట్టి లేదు, ఇంక ఏమీ ఉండదు. లేవబోయాను. కానీ శివరాత్రి గుర్తొచ్చింది. ఇది నేను నోరెత్తవలసిన చోటు కాదు. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

"ఈ వీరుడి విజయచిహ్నం ఆయన చేతుల్లోనే పెట్టి పంపుదాం" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆగు నాయనా" అంది ఆంటీ.

మొదటి వరసలోంచి లేచి, నెమ్మదిగా నడిచి వెళ్ళి, ఆ మూట ప్రెసిడెంటు చేతుల్లోంచి తీసుకుంది. గుడ్డ విప్పింది. తోక కిందికి జారింది. ఆవిడ దాన్ని మడవలేదు. తోలుని భుజానికానించుకుని జనం వైపు తిరిగింది. మైకు ముందు నిలబడలేదు గాని, ఆ హాల్లో ఆవిడ మాట అందరికీ వినబడింది.

"ఇది పులి కాదు. నేను పెంచుకున్న పిల్ల. దీని పేరు చుక్కి. ఆయన మీద ఆడుకోటానికి దూకితే, భయపడి చెప్పుతో కొట్టారు. చచ్చిపోయింది."

ఒక్కొక్క మొహమే చూసింది, మొదటి వరస నుంచి చివరి వరస దాకా, తొందర లేకుండా. నేనూ వెనక్కి తిరిగి చూశాను. శవపేటిక ముందు ఎవరు నవ్వుతారు? ఒక్క పెదవి కదల్లేదు. ఒక ముసలాయన చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. ఎవరో ఆడమనిషి చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నలభయ్యేళ్ళుగా ఆవిడ ఈ నవ్వలేని గది కోసమే కాచుకుని ఉందని నాకు అప్పుడు తెలిసింది. కళ్ళనీళ్ళు వచ్చాయి నాకు. ఆయన కోసం మాత్రం కాదు.

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "అది కాదు ఆంటీ, ఆయనకి ప్రాణంతో సమానం కదా. ఈ చివరిసారికి ఆయన దగ్గర..."

"ఆ రోజు దీన్ని ఆయన దగ్గర వదిలి పెరట్లోకి పోయా నాయనా" అంది ఆంటీ. "మళ్ళీ వదలను."